మా యాడికి దొరికిన రెండు గంటలు

ఈ గ్రూపులో నేను చదివేదాన్నే గానీ రాసేదాన్ని కాదు. స్కాలర్‌షిప్ సంగతులు, హాస్టల్ సమస్యలు, డీఎస్సీ మెటీరియల్, అన్నీ చూస్తుంటా. ఇవాళ మా ఇంటి సంగతి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మాది తిరువూరు దగ్గర, ఎ.కొండూరు మండలం వైపు ఒక తండా. మా మండలం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. దాని గురించి పేపర్లలో వచ్చింది, నాయకులు వచ్చి చూసి పోయారు. నేను రాసేది పేపర్లో రాని అలసట గురించి. పొద్దున లేచిన కాడ్నుంచి రాత్రి పడుకునేదాకా, పడుకున్నాక కూడా, ఒక మనిషిని కనిపెట్టుకుని ఉండే మనిషి అలసట.

మా తమ్ముడికి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. మాటలు రావు. ఆకలేస్తే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్తాడు. బస్సులంటే ప్రాణం. రోడ్డు మీద వచ్చేది పల్లెవెలుగా, ఎక్స్‌ప్రెస్సా అనేది బండి కనబడకముందే వాడికి తెలుస్తుంది. పల్లెవెలుగు అయితే చప్పట్లు కొడతాడు. ఎందుకంటే మా స్టేజీలో ఆగేది అదొక్కటే. కుక్కర్ విజిల్ అంటే భయం. రాత్రి రెండింటికి లేచాడంటే మళ్ళీ తెల్లారేదాకా పడుకోడు. నెలకి ఒకటి రెండుసార్లు ఫిట్స్ వస్తాయి.

వాడు పుట్టిన రాత్రి మా యాడికి నొప్పులు మొదలయ్యేసరికి ఆటో దొరకలేదు. (గ్రూపులో కోయ, ఎరుకల, యానాది మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి చెప్తున్నా, మా భాషలో అమ్మని యాడి అంటాం.) ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. పుట్టగానే వాడు ఏడవలేదు. ఎనిమిది నెలలొచ్చినా మెడ నిలబడలేదు. తర్వాత ఎప్పుడో ఒక డాక్టరు గారు విడమరచి చెప్పారు, పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందకపోతే మెదడుకి దెబ్బ తగులుతుందమ్మా, ఇది ఎవరి పాపమూ కాదు అని. అప్పటికి మా నానమ్మ మొక్కులకి రెండు మేకలు పోయాయి, మా యాడి మీద పడాల్సిన మాటలన్నీ పడ్డాయి. ఏ జన్మలో ఏం చేసిందో అన్నోళ్ళు ఉన్నారు. మా నాన్న ఏమీ అనలేదు గానీ తాగడం ఎక్కువ చేశాడు. ఇంట్లో అదొక రకమైన మాట.

ఇక్కడ మన తండాల గురించి ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర పిల్లల్ని ఒక్క తల్లే పెంచదు. ఎవరి బిడ్డ ఏడ్చినా ఎదురింటి పెద్దమ్మ ఎత్తుకుంటది. తీజ్ పండగకి తొమ్మిది రోజులు ఆడపిల్లలంతా గోధుమ నారుకి నీళ్ళు పోస్తుంటే వాళ్ళ ఇళ్ళల్లో పనులు ఎవరు చేశారో ఎవరూ లెక్క రాసుకోరు. అట్లాంటి తండాలో మా తమ్ముడి దగ్గరకి వచ్చేసరికి అందరి చేతులూ ఆగిపోయాయి. వాళ్ళు చెడ్డోళ్ళు అని కాదు. ఫిట్స్ వస్తే ఏం చేయాలో తెలీదు. కొరుకుతాడేమో, నా దగ్గరున్నప్పుడే ఏదన్నా అయితే నా మీదకొస్తుందేమో అని భయం. భయం వల్ల ఒకళ్ళు రాలేదు, వాళ్ళు రాలేదని ఇంకొకళ్ళు రాలేదు. మెల్లగా అది అలవాటైపోయింది. మా ఇంటికి వచ్చేవాళ్ళు గడప బయటే నిలబడి మాట్లాడి పోయేవాళ్ళు.

మిగిలింది మా అక్క.

తమ్ముడికి మూడేళ్ళప్పుడు అక్క ఏడో తరగతి. మిరపకోతలు మొదలయ్యాయి. మా ఊళ్ళ సంగతి మీకు తెలుసు కదా, పత్తి తీత అయిపోగానే మిరప, మిరప అయిపోగానే మామిడి. ఆ నాలుగైదు నెలల కూలే ఏడాదంతా తినాలి. యాడి పనికి పోకపోతే గడవదు. వాణ్ణి చేనుకి తీసుకుపోతే ఎండకి ఫిట్స్ వస్తున్నాయి. ఈ రెండు నెలలు బడి మానవే, తర్వాత పోదువులే అంది యాడి. అక్క మానేసింది. ఆ తర్వాత అనేది రాలేదు. నన్ను అయిదో తరగతిలో గురుకులంలో వేశారు. నేను రైలు పెట్టె మోసుకుని బస్సెక్కుతుంటే అక్క తమ్ముణ్ణి చంకనేసుకుని స్టేజీ దాకా వచ్చింది. వాడు బస్సుని చూసి చప్పట్లు కొట్టాడు. అక్క చెయ్యి ఊపలేదు, చెయ్యి ఖాళీ లేదు.

నేను టెన్త్, ఇంటర్, డిగ్రీ అన్నీ ఫస్ట్ క్లాసులో పాసయ్యా. గ్రూపులో ఎవరన్నా మొదటి తరం చదువు అని రాస్తే నాకు గర్వంగా ఉంటుంది. దాంతోపాటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మా ఇంట్లో ఒకే ఒక్క చదువుకి సరిపడా తీరిక ఉంది. అది నాకొచ్చింది.

అక్కకి పెళ్ళయి మధిర వైపు వెళ్ళిపోయాక యాడి ఒక్కతే అయింది. అప్పుడు జరిగింది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తా. దసరా సెలవులకి ఇంటికొచ్చా. మధ్యాహ్నం. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నులక మంచం కోడుకి పాత చీర ముక్క, దాని రెండో కొస మా తమ్ముడి కాలికి. పక్కన నీళ్ళ చెంబు, మరమరాలు. వాడు నన్ను చూసి నవ్వాడు. యాడి పత్తి చేలో ఉంది.

నేను వాడి కట్టు విప్పి, సాయంత్రం యాడి రాగానే గొడవ పెట్టుకున్నా. నువ్వు మనిషివేనా అన్నా. హాస్టల్లో చదువుకుంటున్న పిల్లని కదా, నాకు అన్నీ తెలుసు. యాడి కాళ్ళు కడుక్కుంటూ ఒకటే చెప్పింది. "మొన్న నేను నీళ్ళకి పోయొచ్చేసరికి వాడు రోడ్డు మీద ఉన్నాడు. లారీవాడు బ్రేకు కొట్టి తిట్టి పోయాడు. నువ్వు చెప్పు, ఏం చేయమంటావో."

మా తండా పక్కనే పోయేది జగదల్‌పూర్ హైవే. లారీలు ఆగవు. నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలుండి నేను మళ్ళీ హాస్టలుకి పోయా. చీర ముక్క మళ్ళీ మంచం కోడుకి వెళ్ళింది.

ఇట్లాంటి ఫోటో ఒకటి ఎవరో తీసి పెడితే కింద ఏం రాస్తామో మనందరికీ తెలుసు. నేనూ అదే రాసేదాన్ని, ఆ చీర మా యాడిది కాకపోతే. కట్టేయడం తప్పే. అందులో రెండో మాట లేదు. ఆ కాలికి పడ్డ మచ్చ ఇప్పటికీ ఉంది. కానీ ఆ ముడి ఒక్క చెయ్యి వేసింది కాదు. గడప బయట నిలబడ్డోళ్ళు, సెలవులు కాగానే బస్సెక్కిన నేను, అందరం తలో కొస లాగాం.

డబ్బు వస్తే తీరుతుందా అంటే, కొంత తీరింది. సదరం క్యాంపులో సర్టిఫికెట్ వచ్చింది, 75 శాతం అని. పింఛను వస్తోంది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకి 6,000 అయింది, ఒకటో తారీఖు ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఆ డబ్బుతో ఫిట్స్ మందులు ఆగకుండా కొంటున్నాం. మంచి సంగతే. కానీ ఆరు వేలు చేతిలో పెట్టుకుని కూడా యాడి ఒక పెళ్ళికి పోలేదు. ఆరు వేలు వాడి పక్కన కూచోదు కదా.

రెండేళ్ళ కింద యాడికి గర్భసంచి జారింది. ఎదిగిన పిల్లాణ్ణి ఎత్తి ఎత్తి, స్నానానికి, దొడ్డికి మోసి మోసి. డాక్టరమ్మ ఆపరేషన్ చేద్దాం, నాలుగైదు రోజులు ఉండాలి, తర్వాత మూడు నెలలు బరువులెత్తకూడదు అంది. యాడి సరేనని వచ్చి, ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా. తర్వాత అక్కకి ఫోన్లో ఏడుస్తూ చెప్పిందట. ఆపరేషన్‌కి డబ్బులు లేక కాదు, ఆ నాలుగు రోజులు వాడెక్కడుంటాడు?

అప్పుడు నేను వెతకడం మొదలుపెట్టా. మనకి కాగితం మీద ఏముందో చూస్తే ఆశ్చర్యపోయా. మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నా.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఒకటుంది. మన దేశం 2007 అక్టోబరులో దాన్ని ఆమోదించింది. అందులో 28వ అధికరణంలో పేదరికంలో ఉన్న వికలాంగులకీ వాళ్ళ కుటుంబాలకీ ప్రభుత్వ సాయం అందాలని రాసి, శిక్షణ, కౌన్సెలింగ్, డబ్బు సాయంతో పాటు ఇంకో మాట చేర్చారు. చూసుకునేవాళ్ళకి విశ్రాంతి దొరికేలా కొంతకాలం వేరేవాళ్ళు చూసుకోవడం. ఇంగ్లీషులో దాన్ని రెస్పైట్ కేర్ అంటారు. మా యాడి అలసటకి ప్రపంచం ఒక పేరు పెట్టి, అది హక్కు అని రాసి పెట్టిందని నాకు ఇరవై రెండేళ్ళొచ్చాక తెలిసింది.

మన దేశంలో 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగింటి కోసం. వాళ్ళ పథకాల్లో సమర్థ్ అనేది కొంతకాలం ఉంచుకుని చూసుకునే ఇల్లు, వికాస్ అనేది పగటిపూట చూసుకునే కేంద్రం, నిరామయ అనేది ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా. పిల్లలకి పద్దెనిమిది నిండాక చట్టబద్ధ సంరక్షకులుగా ఉండటానికి కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మా యాడి పేరు మీద ఆ దరఖాస్తు ఇప్పుడు నేనే రాస్తున్నా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 24వ సెక్షన్, ఎక్కువ తోడు అవసరమైనవాళ్ళకి సంరక్షకుల భత్యం గురించి చెప్తుంది. బడి ఈడు పిల్లలకైతే సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి, కదల్లేని పిల్లలకి ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది.

ఇవన్నీ చదివి సంబరపడి ఫోన్లు చేశా. సమర్థ్ లాంటి ఇల్లు స్వచ్ఛంద సంస్థలు నడిపితేనే ఉంటుంది. మా తండాకి పోయి రాగలిగే దూరంలో నాకు ఒక్కటీ దొరకలేదు. విజయవాడ దాకా తీసుకుపోయి, ముక్కూమొహం తెలీనోళ్ళ దగ్గర వాణ్ణి వదిలి రావడం యాడి వల్ల కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లికి మొత్తం సర్వీసులో 730 రోజులు పిల్లల సంరక్షణ సెలవు ఉంటుంది, బిడ్డకి వైకల్యం ఉంటే బిడ్డ వయసు పరిమితి కూడా ఉండదు. మిరపకోతకి పోయే తల్లికి ఎవరిస్తారు సెలవు? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి ఏర్పాటు రాశారు. పని దగ్గర అయిదుగురు చిన్నపిల్లలుంటే కూలోళ్ళలో ఒకామెని పిల్లల్ని చూడ్డానికి పెట్టాలి, ఆమెకీ కూలి కట్టాలి. పిల్లల్ని చూసుకోవడం కూడా పనే అని చట్టం ఒప్పుకుంది. కానీ అది పసిపిల్లల వరకే. మా తమ్ముడు పసివాడూ కాదు, పెద్దవాడూ కాదు.

చివరికి మేమే చేసుకున్నాం. సంక్రాంతి సెలవులకి వచ్చి ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నా. యాడి చెప్తుంటే రాశా. మాత్ర ఏ టైముకి, దేంట్లో కలిపి పెట్టాలి. అన్నం ఏ కంచంలో తింటాడు. చెవులు మూసుకుంటే అర్థమేంటి, చొక్కా లాగితే అర్థమేంటి. కుక్కర్ పెట్టేముందు వాణ్ణి బయటకి పంపాలి. ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్ళు పోయకూడదు, చేతిలో తాళాలు, ఉల్లిపాయలు అక్కర్లేదు, టైము చూసుకోవాలి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్. ముప్పై రెండు పేజీలైంది. చదువు రాని మా యాడి బుర్రలో పద్దెనిమిదేళ్ళుగా ఇదంతా ఉంది. ఒక్కళ్ళూ అడగలేదు, నేను కూడా.

ఆ బుక్కు పట్టుకుని అయిదిళ్ళకి పోయా. మొత్తం మీరే చూసుకోండి అనలేదు. వచ్చి ఒక గంట యాడి పక్కన కూచోండి, చూడండి, అంతే అన్నా. ముగ్గురు వచ్చారు. ఎదురింటి పెద్దమ్మ, డిప్లొమా చదివే ఒక తమ్ముడు, నాయక్ గారి కోడలు. మొదటి రోజు వాడు పెద్దమ్మ చేతి ముద్ద ఉమ్మేశాడు. రెండో రోజు ఆమె గాజులు కదిపితే చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూడో రోజు తిన్నాడు. ఆపరేషన్ రోజుల్లో పెద్దమ్మ పనికి పోలేదు కాబట్టి పింఛను డబ్బుల్లోంచి ఆమెకి మిరపకోత కూలి ఎంతో అంత ఇచ్చాం. ఆమె వద్దంది. యాడి ఒప్పుకోలేదు. నేను ఇరవై రోజులు ఉన్నా, అక్క మధిర నుంచి వారం వచ్చింది. రెండో రాత్రి వాడికి ఫిట్స్ వచ్చాయి. నాకు చేతులు వణికాయి. ఆ డిప్లొమా తమ్ముడు బుక్కులో ఉన్నట్టే చేశాడు. మూడు నిమిషాల్లో తగ్గింది. పొద్దున్నే ఆ సంగతి తండా అంతా తెలిసింది, ఆ తర్వాత గడప లోపలికి వచ్చేవాళ్ళు పెరిగారు.

యాడి కోలుకున్నాక కూడా ఒకటి నిలబెట్టుకున్నాం. ఆదివారం రెండు గంటలు. ఎవరో ఒకరు వాడి దగ్గర ఉంటారు, యాడి ఎక్కడికైనా పోవచ్చు.

మొదటి ఆదివారం ఆమె తిరువూరు పోయింది. సంతకేమో అనుకున్నాం. ఉత్త చేతుల్తో వచ్చింది. ఏం చేశావే అనడిగా. "బస్టాండులో కూచున్నా. టీ తాగా. బస్సులు చూశా. ఎవరూ పిలవలేదు" అంది. కాసేపాగి, "వాడికి చూపిస్తే బాగుండు అనుకున్నా" అంది. రెండు గంటలు దొరికితే వాడి గురించే తలుచుకుంటూ కూచుంది. కానీ ఆ సాయంత్రం వాడు కంచం విసిరికొడితే యాడి చెయ్యి లేపలేదు. నేను చూశా. మామూలుగా లేచేది.

కాసేపు తీసుకుంటే బిడ్డని వదిలేసినట్టు అనుకునే తల్లులకి నేను చెప్పేది ఇదే. అలసిపోయిన చెయ్యి కొడుతుంది, లేకపోతే కడుతుంది. కాసేపు ఊపిరి తీసుకున్న చెయ్యి మళ్ళీ అన్నం కలుపుతుంది.

అక్కని ఒకరోజు అడిగా, నీకు వాడి మీద కోపం లేదా అని. "వాడి మీద ఎందుకే? వాడేం చేశాడు. ఆ రోజుల్లో ఒక్కళ్ళన్నా వచ్చి ఇవాళ నేను చూసుకుంటా, నువ్వు బడికి పో అని ఉంటే బాగుండేది. వారానికి ఒక్కరోజన్నా. ఎనిమిదో తరగతి పుస్తకాలు కొనుక్కున్నా తెలుసా" అంది. నాకు తెలీదు.

మన తండాల్లో, గూడేల్లో, కాలనీల్లో ఇట్లాంటి ఇల్లు ఒకటన్నా ఉంటుంది. మీకు తెలుసు అది ఎవరిల్లో. సెలవులకి పోయినప్పుడు ఆ ఇంటి గడప లోపలికి పోండి. ఫోటో తీయొద్దు. సలహా ఇవ్వొద్దు. ముందు ఆ తల్లి చెప్పేది రాసుకోండి. ఆమె ఒప్పుకుంటే, ఆమె ఉండగానే నాలుగైదు సార్లు కూచుని నేర్చుకోండి. తర్వాత రెండు గంటలు తీసుకోండి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, నిరామయ దరఖాస్తు, ఇవి నింపిపెట్టండి, మనకి ఆన్‌లైన్ పని వచ్చు కదా. ఆ ఇంట్లో బడి మానేసిన ఆడపిల్ల ఉందేమో కూడా చూడండి. అబ్బాయిలకి ఒక మాట, ఇది ఆడోళ్ళ పని అనుకోవద్దు. మా తమ్ముడికి ఇప్పుడు గడ్డం గీసేది ఆ డిప్లొమా తమ్ముడే. నాన్న పక్కన నిలబడి చూస్తున్నాడు ఈ మధ్య. ఏదో ఒకరోజు చేస్తాడనుకుంటున్నా.

ప్రభుత్వం చేయాల్సింది మనం చేస్తే వాళ్ళు తప్పించుకుంటారు కదా అని ఎవరైనా అంటే, నిజమే. మండలానికొక పగటి కేంద్రం కావాలని అర్జీ కూడా రాస్తున్నాం, సంతకాలు కావాలి. కానీ అది వచ్చేలోపు ఎన్ని మిరపకోతలు పోతాయో తెలీదు. ఈలోపు ఎవరో ఒక పిల్ల ఏడో తరగతిలో ఉంది.

ఆ నోటుబుక్కులో ఉన్న పద్ధతి కావాలంటే అడగండి, ఎట్లా రాయాలో చెప్తా. తప్పులు రాసి ఉంటే మన్నించండి. ఈ ఆదివారం వంతు నాది. యాడి ఈసారి మధిర పోతానంటోంది, అక్క దగ్గరికి. పల్లెవెలుగులో.